అమ్మ నోటుపుస్తకం, యెరూషలేము వారం

ఏప్రిల్ 14, 2019, మట్టల ఆదివారం

ఒలీవల కొండ మీదున్న బేత్పగే గుడి ఆవరణలో, మధ్యాహ్నపు ఎండలో, ఊరేగింపు ఎప్పుడు కదులుతుందా అని నిలబడి ఉన్నాం. అమ్మ ఒక చేతిలో ఖర్జూరపు మట్ట, ఇంకో చేతిలో సంచీ. సంచీలో నోటుపుస్తకం. దీని గురించి ముందే చెప్పాలి. సంఘంలో స్త్రీలంతా "యెరూషలేములో మా పేరు చెప్పి ప్రార్థన చెయ్యండమ్మా" అంటూ ఇచ్చిన విన్నపాలన్నీ అమ్మ అందులో రాసుకుంది. వరసగా నంబర్లు వేసి మరీ, మొత్తం 112. మోకాళ్ల నొప్పులు, కుదరని పెళ్లిళ్లు, రాని వీసాలు, పాలివ్వడం మానేసిన ఒక గేదె.

నేను మోసుకొచ్చింది వేరు. మార్చి 6, భస్మ బుధవారం నాడు ఒక తీర్మానం చేసుకున్నాను: ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులైన ఈ శ్రమకాలం అంతా అమ్మ మీద విసుక్కోకూడదని. మాంసం మానడం నాకు కష్టం కాదు. ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగితే మూడోసారి కూడా మొదటిసారిలాగే జవాబివ్వడం, అదీ కష్టం. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు. ఆరు ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావు కాబట్టి 40. ఆ లెక్కన ఆదివారం విసుక్కోవచ్చేమోనన్న ఆలోచన కూడా వచ్చింది నాకు. అమ్మకి మాత్రం ఈ తీర్మానం సంగతి చెప్పలేదు.

గుడిలో క్రూసేడుల కాలంనాటి బొమ్మలున్న ఒక రాయి ఉంది. మట్టల ఆదివారం నాడు యెరూషలేములోకి వెళ్లడానికి యేసు గాడిద ఎక్కేటప్పుడు దాని మీద కాలు పెట్టాడని చెబుతారు. "గాడిద ఎక్కడానికి రాయి ఎందుకురా, అది పొట్టిదే కదా," అంది అమ్మ. నాకూ అదే అనిపించింది.

ఊరేగింపు కదిలాక మాత్రం మాటలు ఆగిపోయాయి. ఒలీవల కొండ మీంచి దారి నిట్టనిలువుగా దిగుతుంది. గిటార్లు, డప్పులు, ఏ భాషో తెలియని పాటలు. మధ్యలో ఎక్కడ ఎవరు మొదలుపెట్టినా అందరికీ అందే మాట ఒక్కటే, హోసన్నా. హీబ్రూలో అది మొదట జయధ్వని కాదు, "రక్షించు" అనే మొర. మొర పెట్టుకునే మాటే ఎప్పుడో కేక వేసే మాట అయిపోయింది. సంచీలో 112 మొరలు మోస్తూ అమ్మ కూడా అదే మాట అరుస్తోంది.

కొండ సగం దిగాక, యేసు నగరాన్ని చూసి ఏడ్చిన చోటుగా చెప్పే దగ్గర, కన్నీటి బొట్టు ఆకారంలో ఒక చిన్న గుడి ఉంది. 1955లో ఆంటోనియో బార్లుత్సి అనే ఇటలీ వాస్తుశిల్పి కట్టినది. బలిపీఠం మీద మొజాయిక్‌లో రెక్కల కింద పిల్లల్ని దాచుకున్న కోడి. వెనక కిటికీలోంచి పాత నగరమంతా కనిపిస్తుంది. మిగతా గుళ్లలో తల ఎత్తి చూడాలి. ఇక్కడ కిందికి, ఊరి వైపు చూడాలి. నాకు ఆ తేడా నచ్చింది.

కెద్రోను లోయ దాటి, సింహ ద్వారంలోంచి లోపలికి, బేతెస్ద కోనేటి పక్కనున్న పరిశుద్ధ అన్న గుడి దాకా నడిచాం. అమ్మ మోకాలు వాచింది. "ముప్పై ఎనిమిదేళ్లు పడున్నవాడు లేచింది ఇక్కడేగా," అని కోనేటి గట్టు మీద చాలాసేపు కూర్చుంది. విసుక్కోలేదు నేను. ఆదివారమైనా సరే.

ఏప్రిల్ 15, సోమవారం

రోజంతా విశ్రాంతి. రాత్రి అతిథిగృహం హాల్లో టీవీ ముందు అందరూ గుమికూడి ఉన్నారు. పారిస్‌లో నోత్రదామ్ గుడి కాలిపోతోంది. మాతోపాటు దిగిన ఫ్రెంచి యాత్రికురాలు ఒకామె శిఖరం కూలడం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. అలాగే కూర్చున్నారు, చాలాసేపు.

ఏప్రిల్ 16, మంగళవారం

ఈ రోజు గురించి రాయాలని లేదు.

పొద్దున్నే సమాధి గుడికి వెళ్లాం, యేసుని పాతిపెట్టిన చోటని చెప్పే గుడి. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా ఒక రాతి పలక ఉంటుంది. సిలువ మీంచి దించిన దేహానికి సుగంధ ద్రవ్యాలు పూసిన చోటని దాన్ని తాకుతారు. ఇప్పుడున్న పలక 1810 నాటిది. 1808లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక వేసినది. ఆ సంగతి తెలిసినవాళ్లూ మోకరిస్తున్నారు, తెలియనివాళ్లూ మోకరిస్తున్నారు. నూనె పోసి రుమాళ్లతో తుడిచి దాచుకుంటున్నారు.

అమ్మ పలక పక్కన నేల మీద చతికిలబడింది. నోటుపుస్తకం తీసి, ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. మనసులో కాదు, పైకే. పేరు, ఇంటి పరిస్థితి, రోగం పేరు, డాక్టరు ఏమన్నాడు, అన్నీ. దేవుడికి కేసు వివరాలు పూర్తిగా అందకపోతే పని జరగదేమోనన్నట్టు. వెనక వరస పెరిగిపోతోంది. ఇరవై దాటాక నాకు చెమట పట్టింది. ముప్పై దగ్గర, మెడలో పెద్ద కెమెరా వేసుకున్న ఒకాయన అమ్మ వైపు వేలు చూపిస్తూ ఇంగ్లీషులో నన్నడిగాడు: ఈవిడ మీతో వచ్చిందా?

నేను తల అడ్డంగా ఊపాను. ఊపి, ఫోన్ తీసి చూసుకుంటూ మూడడుగులు పక్కకి జరిగాను.

అమ్మ 31 దగ్గర ఆగింది. టిక్కు పెట్టి, పుస్తకం మూసి, నేల మీద చెయ్యి ఆనించి తనంతట తనే లేచింది.

తర్వాత రెండు గంటలు వరసలో నిలబడి సమాధి లోపలికి వెళ్లాం. ముగ్గురు నలుగురికి మించి పట్టని చిన్న గది. 2016లో ఇక్కడ బాగుచేసే పని జరిగినప్పుడు పైనున్న పాలరాతి పలక తీశారు. లోపలి సున్నం పరీక్షిస్తే అది క్రీ.శ. 345 ప్రాంతాలదని తేలింది, అంటే కాన్‌స్టాంటైన్ కట్టించిన గుడి కాలం. ఈ వివరం నేను నెలల ముందే చదివి, ఇక్కడ నిలబడి తలుచుకోవాలని దాచుకున్నాను. తీరా నిలబడితే తలుచుకున్నది కెమెరా ఆయన్ని.

ఏప్రిల్ 17, బుధవారం

పాత నగరం గోడ వెంట నడక. గోడ 16వ శతాబ్దంలో సులేమాన్ సుల్తాన్ కట్టించినది.

"నిన్న ఆ కెమెరా ఆయన నిన్నేమడిగాడురా?" అంది అమ్మ.

"దారి అడిగాడమ్మా."

"దారా," అంది.

ఏప్రిల్ 18, గురువారం

మేడగది చూడ్డానికి సీయోను కొండ ఎక్కాం. యేసు శిష్యులతో కడరాత్రి భోజనం చేశాడంటున్న చోటు. ఇప్పుడున్నది మధ్యయుగాల కట్టడం. గోతిక్ కమానులు, ఫ్రాన్సిస్కన్ సన్యాసుల చేతి నుంచి 16వ శతాబ్దంలో పోయి మసీదు అయినప్పటి మెహ్రాబు (నమాజు దిక్కు చూపే గూడు), కింది అంతస్తులో దావీదు సమాధి అని యూదులు ప్రార్థించే గది. బల్ల లేదు, కుర్చీ లేదు, బలిపీఠం కూడా లేదు. ఒక చిన్న స్తంభం తల మీద మాత్రం, తన రొమ్ము పొడుచుకుని పిల్లలకు రక్తం పడుతున్న పెలికాన్ పక్షి చెక్కి ఉంది. వారంలో ఇది రెండో పక్షి. మూడోది రాత్రికి.

రాత్రి తొమ్మిదింటికి గెత్సేమనే, యేసుని పట్టుకున్న తోట. "నూనె గానుగ" అని ఆ పేరుకి అర్థం. తోటలో ఎనిమిది ముసలి ఒలీవ చెట్లున్నాయి. వాటిలో మూడింటి కాండాలు పరీక్షిస్తే 12వ శతాబ్దం దగ్గర తేలాయి. యేసు కాలంనాటి చెట్లని చెప్పుకునే మాట నిలబడదు కానీ, తొమ్మిది వందల ఏళ్లు నిలబడిన చెట్టు ముందు మనిషి కాస్త తగ్గే నిలబడతాడు. గుడి కూడా బార్లుత్సి కట్టినదే, 1924లో పూర్తయింది. ఎప్పుడూ రాత్రిలా ఉండాలని కిటికీలకి ఊదారంగు రాతిపలకలు వేశారు. బలిపీఠం ముందున్న బండ చుట్టూ ఇనుప ముళ్ల కిరీటం.

ఆ బండ దగ్గర ఒక గంట మెలకువగా ఉండటం, అంతే ఆ రాత్రి ఆరాధన. వేరువేరు భాషల్లో సువార్తలు చదువుతున్నారు. పావుగంటకే అమ్మ నిద్రపోయింది, తల నా భుజం మీద పెట్టి. నేను లేపలేదు. ఇలాంటి చోట ఎవరినైనా లేపే ముందు, మెలకువగా ఉండమని యేసు అడిగినా ఇక్కడే నిద్రపోయిన శిష్యులు పేతురు, యాకోబు, యోహానులు గుర్తొస్తారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. పట్టి ఉంటే బాగుండేది.

తర్వాత కొవ్వొత్తులతో ఊరేగింపు. యేసుని పట్టుకున్నది యూదుల పస్కా పండుగ వేళ, పస్కా ఎప్పుడూ పౌర్ణమికే వస్తుంది. ఆ లెక్కన రెండు వేల ఏళ్ల కిందటి ఆ గురువారం రాత్రి కూడా వెన్నెలే. దీపాలు పట్టుకుని వెతకడానికి రావాల్సిన అవసరం పెద్దగా ఉండి ఉండదు. చెట్ల నీడలు తప్ప దాక్కోవడానికి చోటు లేని రాత్రి. కెద్రోను లోయ దాటి, సీయోను కొండ తూర్పు వాలు మీదికి. నిద్ర తేరుకున్న అమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగే వేస్తోంది. అందరూ మమ్మల్ని దాటిపోయారు.

ఊరేగింపు చేరేది "కోడికూత పేతురు" గుడికి. కోడి కూసేలోగా పేతురు యేసుని ఎరగనని మూడుసార్లు బొంకిన చోటంటారు. కప్పు మీద బంగారు కోడిపుంజు. పక్కనే లోయలోకి దిగే పాత రాతి మెట్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. యేసుని బంధించి తీసుకొచ్చింది ఈ మెట్ల మీదుగానే అని చెబుతారు. ఆవరణలో ఒక శిల్పం ఉంది. పనిమనిషి పేతురు వైపు వేలు చూపిస్తోంది. పేతురు రెండు చేతులూ ఎత్తి, నాకేం తెలియదన్నట్టు.

కొవ్వొత్తి వెలుగులో అమ్మ ఆ శిల్పాన్ని చూసింది. తర్వాత నన్ను చూసిందో లేదో నాకు తెలియదు. నేను మెట్ల వైపు తిరిగి ఉన్నాను.

పేతురుని పట్టిచ్చింది అతని గలిలయ యాస. ఆ మాటలోనే ఊరు తెలిసిపోయింది. నా ముఖం అచ్చం అమ్మ ముఖమే. కెమెరా ఆయనకి కనబడకుండా ఉంటుందా? కనబడే అడిగి ఉంటాడు.

ఏప్రిల్ 19, శుభ శుక్రవారం

ఆ రోజు సాయంత్రం పస్కా మొదలు. పొద్దున్నే యూదుల వీధుల్లో అక్కడక్కడా డబ్బాల్లో మంట పెట్టి, ఇంట్లో మిగిలిన రొట్టెల్ని, పులిసిన పిండితో చేసినవన్నీ కాల్చేస్తున్నారు. జేబులు దులిపి మరీ వేశాడు ఒక కుర్రాడు. పాతదైన పులిసిన పిండి తీసి పారవేయమని పౌలు కొరింథీయులకి రాసినప్పుడు ఆయన ముక్కుకి ఈ వాసన తగిలే ఉంటుంది. ఇన్నేళ్లుగా ఆ వచనాన్ని పోలికగానే విన్నాను. అందులో పొగ ఉందని ఇప్పుడు తెలిసింది.

సిలువ మార్గంలో పద్నాలుగు మజిలీలు. చివరి ఐదూ సమాధి గుడి లోపలే. ఇరుకు సందులు, రెండు పక్కలా దుకాణాలు, మధ్యలో చెక్క సిలువలు మోస్తున్న గుంపులు. ఒక గుంపు పాడుతుంటే పక్క గుంపు ఫొటోలు తీసుకుంటోంది. ఐదో మజిలీ దగ్గర గోడలో అరచెయ్యి పట్టేంత గుంట పడిన రాయి ఉంది, అందరూ చెయ్యి పెట్టి వెళ్తారు. కురేనీయుడైన సీమోను సిలువ అందుకున్న చోటది. పొలం నుంచి వస్తూ దారిలో దొరికిపోయిన మనిషి. భక్తితో కాదు, బలవంతాన మోశాడు. ఈ వారమంతా నేను చూసిన పాత్రల్లో నాకు దగ్గరగా అనిపించినవాడు అతనే. కానీ నాకు ఆ పాత్ర ఇవ్వలేదు, వేరేది ఇచ్చారు.

గుడి లోపలికి వెళ్లలేకపోయాం. పోలీసులు అడ్డం పెట్టారు, అమ్మ మోకాలు ఇక సాగనంది. మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద కూర్చున్నాం. మధ్యాహ్నం మూడవుతోంది.

"సరే, ఏడు మాటలు ఇక్కడే చెప్పుకుందాం," అంది అమ్మ. మూడు గంటల ఆరాధన, ఏడుగురు ప్రసంగీకులు, ఏవీ లేకుండా. యేసు సిలువ మీద పలికిన ఆ ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ వరసగా ఉండవు. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి, మార్కుల్లో ఒకటి. అమ్మకి చూడకుండా వచ్చు. వీరిని క్షమించుము అని మొదటిది. పరదైసు అని రెండోది. మూడోది, "అమ్మా, యిదిగో నీ కుమారుడు."

అక్కడ ఆగింది. సందులో ఎవరో బరువైన బండి లాక్కుపోతున్నారు, చక్రాల చప్పుడు తగ్గేదాకా ఆగిందనుకున్నాను. చప్పుడు పోయింది. ఇంకా ఆగింది. తర్వాత నాలుగోది మొదలుపెట్టింది.

ఏప్రిల్ 20, శనివారం

సమాధి గుడిలో కతోలికుల పునరుత్థాన జాగరణ రాత్రి జరగదు, శనివారం పొద్దున్నే జరుగుతుంది. ఆరు శాఖలు పంచుకునే గుడి అది: గ్రీకు, కతోలిక, ఆర్మేనియా, కోప్టిక్, ఇథియోపియా, సిరియా. ఎవరు ఎక్కడ, ఎప్పుడు, ఏ మూల తుడవాలి అన్నది కూడా ఒట్టోమాన్ సుల్తాన్ల ఫర్మానాల నుంచి వచ్చిన ఒప్పందం ప్రకారం నడుస్తుంది. ద్వారం పైన కిటికీ దగ్గర 18వ శతాబ్దం నుంచి ఒక నిచ్చెన అలాగే ఉంది. తీసే హక్కు ఎవరిదో తేలక. తాళంచెవులు ముస్లిం కుటుంబాల చేతిలో. ఇదంతా వినగానే నవ్వొస్తుంది. కాసేపు ఆలోచిస్తే ఉమ్మడి కుటుంబం పెరడు గుర్తొస్తుంది, నవ్వు తగ్గుతుంది.

"యేసు శనివారం పొద్దున లేస్తే మూడో రోజు ఎలా అవుతుందిరా?" అంది అమ్మ, చీకట్లోనే తయారై కూర్చుని.

లోపల కొత్త నిప్పు వెలిగించారు. ఒక కొవ్వొత్తి నుంచి ఇంకోదానికి. సృష్టి, ఎర్ర సముద్రం, ప్రవక్తలు, ఒక్కో పాఠం చదివి, ఉన్నట్టుండి గంటలు. సమాధి పక్కనే. అమ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. బయటికి వస్తే పట్టపగలు. ఎవరికీ ఏమీ తెలియదు. వేరే క్యాలెండరు పాటించే తూర్పు సంఘాలకి ఈస్టర్ ఇంకా వారం ఉంది. యూదులకి పస్కా మొదటి రోజు, పైగా విశ్రాంతి దినం. దుకాణదారు టీ తాగుతున్నాడు.

గుడి పైకప్పు మీద ఇథియోపియా సన్యాసుల మట్టిగుడిసెల్లాంటి చిన్న గదులున్నాయి. నీడ చూసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాం.

"ఆ కెమెరా ఆయన దారి అడగలేదమ్మా," అన్నాను.

"తెలుసు."

"ఎలా?"

"ఇంగ్లీషు రాకపోతే వేలు ఎటు చూపిస్తున్నాడో కూడా తెలీదట్రా?"

నేను ఏదో చెప్పబోయాను. విసుగు మానిన నలభై రోజుల లెక్క కూడా చెప్పబోయానేమో. అమ్మ వినకుండా సంచీలో వెతికింది. "కళ్లద్దాలు గదిలో మర్చిపోయాను. ముప్పై రెండు నుంచి నువ్వు చదువు. పైకి చదువు."

చదివాను. మొదట గొంతు తగ్గించి, తర్వాత మామూలుగా. ఇథియోపియా సన్యాసి ఒకాయన నీళ్ల బిందె దింపి, కాసేపు నిలబడి విని, వెళ్లిపోయాడు. గేదె 58వ నంబరు. గేదెకి యజమానురాలి పేరు కూడా రెండుసార్లు చెప్పించింది అమ్మ.

ఏప్రిల్ 21, పునరుత్థాన ఆదివారం

తెల్లవారుజామున దమస్కు ద్వారానికి ఉత్తరాన ఉన్న తోట సమాధి దగ్గర సూర్యోదయ ఆరాధన. 19వ శతాబ్దంలో బయటపడిన సమాధి. పురావస్తువాళ్లు అది యేసుకి ఆరేడు వందల ఏళ్ల ముందుదని చెబుతారు. అయినా చెట్లు, పూలు, తెరిచి ఉన్న రాతి గుమ్మం. చదువుకున్న తోట ఇలాగే ఉంటుందనిపిస్తుంది. మేం ఆరున్నర ప్రాంతంలో హల్లెలూయా పాడుతున్నాం.

ఆరాధన అయ్యాక ఫోన్లు మోగడం మొదలైంది. శ్రీలంకలో గుళ్లలో, హోటళ్లలో బాంబులు. కొలంబోలో పరిశుద్ధ ఆంతోని మందిరం, నెగొంబోలో పరిశుద్ధ సెబాస్టియన్ గుడి, బట్టికలోవాలో సీయోను చర్చి. అక్కడ పావు తక్కువ తొమ్మిది అంటే ఇక్కడ ఆరుంపావు. 250 మందికి పైగా పోయారని తర్వాత తెలిసింది. ఈస్టర్ బట్టలు వేసుకుని వెళ్లినవాళ్లు.

అమ్మ బెంచీ మీద కూర్చుని నోటుపుస్తకం తీసింది. 112 కింద గీత గీసి 113 వేసింది. పక్కన "శ్రీలంక" అని రాసి, కింద రెండు వరసలు ఖాళీ వదిలింది.

పగలు మళ్లీ సమాధి గుడికి వెళ్లాం. తూర్పు సంఘాలకి ఆ రోజు మట్టల ఆదివారం. ఒకే కప్పు కింద కొందరు లేచాడని పాడుతున్నారు, కొందరు మట్టలు పట్టుకుని ఇంకా ఊరిలోకి రమ్మని పిలుస్తున్నారు. రెండు ఆర్గన్ల స్వరాలు, డప్పు, ధూపం అన్నీ కలిసి ఒక గోల. గుమ్మం దగ్గర ఎవరో అమ్మ చేతిలో ఒక మట్ట పెట్టారు. పోయిన ఆదివారం మొదలైన వారం మళ్లీ మొదటికొచ్చింది. ఈ రోజుకి నాకది సరిగ్గా ఉందనిపించింది.

ఏప్రిల్ 22, సోమవారం

తిరిగి లేచిన యేసు ఇద్దరు శిష్యులతో కలిసి నడిచి వెళ్లిన ఊరు ఎమ్మాయు. అది ఎక్కడుందో ఎవరికీ కచ్చితంగా తేలలేదు. మూడు నాలుగు ఊళ్లు మాదంటే మాదంటాయి. లూకా చెప్పింది అరవై స్టేడియాలు, దగ్గర దగ్గర 11 కిలోమీటర్లు. కొన్ని పాత ప్రతుల్లో నూట అరవై ఉంది. తెలుగు బైబిలు ఈ తగాదాలేమీ లేకుండా "ఆమడ దూరము" అని తేల్చేసింది. మేం బస్సులో వెళ్లగలిగేది అబూ ఘోష్ కాబట్టి మా ఎమ్మాయు అదే.

12వ శతాబ్దపు గుడి. కోటలా మందమైన గోడలు, గోడల మీద ముఖాలు గీకేసిన చిత్రాలు. కింద నేలమాళిగలో ఒక ఊట. నీటి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. వారం రోజుల గుంపుల తర్వాత చెవులకి నమ్మకం కుదరలేదు. మెట్ల మీద కూర్చుని మిగిలినవి మొదలుపెట్టాం. ఈసారి కళ్లద్దాలు అమ్మ దగ్గరే ఉన్నాయి, అయినా చదవమని నాకే ఇచ్చింది.

109 దగ్గర ఇద్దరం ఆగాం. చెమటకి సిరా అలుక్కుపోయింది. "సు" అన్నది ఒక్కటే కనిపిస్తోంది. సుశీలా? సుగుణా? సువార్తమ్మా? పక్కన విన్నపం కూడా పోయింది. ఒక పొల్లు, ఒక సున్నా మిగిలాయి. అమ్మ వెలుగులోకి తిప్పింది, దూరంగా పెట్టింది, దగ్గరగా పెట్టింది.

"'సు' అని చదివెయ్యరా. టిక్కు పెట్టు," అంది.

పెట్టాను. 110, 111, 112. బయట బస్సు వేళవుతోంది. 113 దగ్గర పెన్ను ఆనించబోతే అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"అది ఉండనీ," అంది.